పాతకారునకు క్రొత్త బ్రేకులు

మోటారుకారును గూర్చి మాటలాడునప్పుడు లోకము దాని వేగమునే మెచ్చుకొనును. గంటకు ఎన్ని మైళ్లు పోవును, ఎంతటి యెత్తు నెక్కగలదు అని అడుగువారే గాని, ఎంత దూరములో నిలువగలదని అడుగువారు అరుదు. అయినను కారు చరిత్రలో పరుగు నేర్చిన కథ యెంత పెద్దదో, నిలుచుట నేర్చిన కథయు అంత పెద్దదే.

నేడు పాతకార్లను ముచ్చటపడి కాపాడుకొనువారి నడుమ ఒక వివాదము తరచుగా వినవచ్చుచున్నది. 1950 ప్రాంతమున డ్రమ్ము బ్రేకులతో పుట్టిన కారునకు నేటి డిస్కు బ్రేకులు అమర్చవచ్చునా, కూడదా? అది పురాతన శిల్పమునకు రంగు పూయుట వంటిదని కొందరందురు. నేటి రహదారిపై ఆనాటి బ్రేకులతో పోవుట తమకును పరులకును ప్రమాదమని మరికొందరందురు. ఇరుపక్షములవారును పాత, క్రొత్త అను మాటలనే ఆధారము చేసికొని వాదింతురు. కాని ఆ రెండు బ్రేకుల పుట్టుపూర్వోత్తరములను విచారించినచో, ఆ మాటల అర్థమే కొంత మారిపోవును.

ముందుగా బ్రేకు చేయు పని యెట్టిదో తెలిసికొనవలెను. పరుగెత్తు కారులో చలనశక్తి యుండును. కారు నిలువవలెనన్నచో ఆ శక్తి యెక్కడికో పోవలెను. బ్రేకు దానిని రాపిడిచేత వేడిగా మార్చి గాలిలోనికి విడుచును. ఈ చలనశక్తి వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును. గంటకు 40 కి.మీ. పోవు కారు 80 కి.మీ. వేగము నందుకొన్నచో, దానిని నిలుపుటకు కావలసిన పని రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. 1,000 కిలోల బరువుగల కారును 80 కి.మీ. వేగమునుండి ఒక్కమారు నిలిపినప్పుడు పుట్టు వేడి, 10 కిలోల పోతయినుమును సుమారు 50 డిగ్రీలు వేడెక్కించుటకు చాలును. అట్లు మాటిమాటికి నిలుపవలసి వచ్చినచో ఆ యినుమునకు చల్లారు తీరిక యుండదు. బ్రేకు చరిత్ర యంతయు ఈ వేడితో మానవుడు చేసిన పోరాటమే.

1902వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును నేటి రూపమునకు దగ్గరగా తీర్చిదిద్దెను. చక్రముతోపాటు తిరుగు ఒక గుండ్రని యినుప డబ్బా, దాని లోపల అర్ధచంద్రాకారమున రెండు షూలు: ఇదియే దాని స్వరూపము. పెడలును త్రొక్కగా షూలు విచ్చుకొని డబ్బా లోపలి గోడను ఒరసికొనును. తిరుగుచున్న గిన్నెలో చేతులు పెట్టి లోపలినుండి అంచుల నొత్తి నిలిపినట్లుండును.

అదే 1902లో ఇంగ్లండునందలి బర్మింగుహాములో ఫ్రెడరిక్ లాంచెస్టర్ మరొక విధమైన బ్రేకునకు పేటెంటు పొందెను. చక్రముతో తిరుగు పలుచని లోహపు బిళ్లను అంచునొద్ద ఇరువైపులనుండి నొక్కి పట్టుట ఆతని పద్ధతి. తిరుగుచున్న పళ్లెమును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టి నిలిపినట్లుండును. డిస్కు బ్రేకు అనగా నిదియే. కావున డ్రమ్మును తాతగారును, డిస్కును మనుమడును అనుకొనుట పొరపాటు. అవి యొకే యేట పుట్టిన కవలలు. ఒకటి వెంటనే లోకమును ఏలెను. రెండవది యేబదేండ్లకు దగ్గరగా అజ్ఞాతవాసము చేసెను.

ఆ అజ్ఞాతవాసమునకు కారణము ఊహ లోపించుట కాదు, తగిన పదార్థము లేకపోవుట. రాపిడికి లాంచెస్టర్ రాగిని వాడెను. ఆనాటి దుమ్ముదారులలో రాగి త్వరగా అరిగిపోయెను. బిళ్ల బయటికి తెరచియుండుటచే దుమ్మును బురదయు దానిమీదనే పడెను. డ్రమ్మునకు పైకప్పు కలదు గనుక ఆ బాధ తక్కువ. అంతియేకాక డ్రమ్మునందు మరియొక సౌలభ్యము కలదు. తిరుగుచున్న డబ్బా తనంతట తానే ముందుషూను లోనికి గుంజుకొని మరింత గట్టిగా నొక్కును. త్రొక్కువాని కాలి బలమునకు కారు వేగమే తోడుపడునన్నమాట. యంత్రసహాయము లేని ఆ కాలమున ఇది గొప్ప వరము.

రాపిడి పదార్థముల చరిత్రలో స్మరింపదగినవాడు హెర్బర్ట్ ఫ్రూడ్. ఇంగ్లండునందలి డెర్బీషైరు కొండదారులలో గుఱ్ఱపు బండ్లవారు పల్లమునకు దిగునపుడు చక్రములకు పాత బూట్లను అడ్డుపెట్టుట చూచి, ఆతడు మేలైన బ్రేకు దిమ్మెలను గూర్చి ఆలోచింప నారంభించెనని చెప్పుదురు. ఆతడు స్థాపించిన సంస్థయే తరువాత ఫెరోడో పేరున ప్రసిద్ధి కెక్కెను. రాతినార, అనగా ఆస్బెస్టాసు, కలిపిన లైనింగు ఆతని కృషిచే వాడుకలోనికి వచ్చెను. వేడికి కాలని పదార్థము దొరికినదని లోకము సంతోషించెను. ఆ సంతోషమునకు చెల్లింపవలసిన మూల్యము చాలకాలమునకు గాని తెలియలేదు.

తొలినాటి కార్లలో బ్రేకులు వెనుక చక్రములకే యుండెడివి. ముందు చక్రములను పట్టినచో కారు బోల్తాపడునని పలువురు భయపడిరి. కాని నిలుచునప్పుడు బరువు ముందునకు వ్రాలును. బస్సు ఆగినప్పుడు ప్రయాణికులు ముందునకు తూలుటయే ఇందులకు సాక్ష్యము. కావున నిలుపు శక్తి ముందు చక్రములయందే హెచ్చుగా కలదు. ఈ సత్యము 1920 తరువాత కాని సర్వసామాన్యము కాలేదు. 1921లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గు కంపెనీ నాలుగు చక్రములకును ద్రవపీడనముతో పనిచేయు బ్రేకులను అమర్చెను. ఈ ద్రవపద్ధతికి మూలపురుషుడు మాల్కం లాక్‌హీడ్. విమాననిర్మాతయైన ఆలన్ లాక్‌హీడ్ ఈతనికి సోదరుడు. ఇంత మేలైన పద్ధతిని సయితము అందరును వెంటనే గ్రహింపలేదు. ఫోర్డు కంపెనీ 1939 నమూనాలవరకు కడ్డీల బ్రేకులనే నమ్ముకొని యుండెను.

యుద్ధానంతరము ఇంజనుల బలము పెరిగెను, దారులు నునుపెక్కెను. అప్పుడు డ్రమ్ము బ్రేకుయొక్క గుప్తరోగము బయటపడెను. వేడెక్కిన డబ్బా వ్యాకోచించి షూలకు దూరమగును. పెడలు మరింత లోతునకు పోవును. లైనింగునకు పట్టు తగ్గును. మూతపడిన డబ్బాలోని వేడి బయటికి పోవుటకు దారి యుండదు. నీరు చొచ్చినచో త్వరగా ఆరదు. బ్రేకు ఈ విధముగా క్రమక్రమముగా చేవ యుడుగుటను ఇంగ్లీషువారు ఫేడ్ అందురు. తిరుమల మొదటి ఘాటురోడ్డు 1944లో తెరువబడినది. అట్టి కొండదారిలో, తక్కువ గేరు వేయక పెడలునే నమ్ముకొని డ్రమ్ము బ్రేకుల కారును దింపినవారికి ఆ కాలిన వాసనయు, మెత్తబడిన పెడలును వేరొకరు వర్ణించి చెప్పనక్కరలేదు.

డిస్కునందు ఇందులకు విపర్యయము జరుగును. బిళ్ల వేడెక్కి ఉబ్బినచో ప్యాడుల దగ్గరకే వచ్చును గాని దూరము కాదు. దాని యధికభాగము గాలికి తెరచి యుండును గనుక త్వరగా చల్లారును. నీటిని విసరివేయును. త్రొక్కిన కొలది పట్టును, వదలిన కొలది వదలును. కాని డ్రమ్మువలె తనంతట తాను బిగుసుకొను గుణము దీనికి లేదు. కావున కాలి బలము ఎక్కువ కావలెను. ఇంజను పీల్చు గాలిలోని శూన్యముచే పెడలునకు సాయపడు సర్వో యంత్రము పెద్దకార్లలో డిస్కునకు తోడుగా వచ్చుటకు ఇదియే కారణము.

మొదట ఈ గుణములను గ్రహించినవారు విమాననిర్మాతలు. భారమైన విమానమును కొద్దిదూరములో నిలుపవలసిన యక్కర వారిది. రోడ్డుమీద తొలి ప్రయత్నములు అమెరికాలో 1949లో జరిగినవి. క్రైస్లరు వారు తమ పెద్దకారునకు ఒక విధమైన డిస్కులను పెట్టిరి. క్రాస్లీ హాట్‌షాట్ అను చిన్నకారునకును డిస్కులు వచ్చినవి గాని, మంచు కరగుటకై దారులపై చల్లు ఉప్పువలన అవి తుప్పుపట్టి బిగిసిపోయెను. ఆ కంపెనీ త్వరలోనే మరల డ్రమ్ములకు తిరిగిపోయెను. క్రొత్తదియైనంత మాత్రమున మేలైనది కాదనుటకు ఇదియొక నిదర్శనము.

డిస్కునకు కీర్తి తెచ్చినది ఇంగ్లండునందలి జాగ్వారు కంపెనీ. డన్‌లప్ వారితో కలిసి వారు సి-టైపు పందెపుకారునకు డిస్కులను అమర్చి దీర్ఘకాలము పరీక్షించిరి. 1952లో ఫ్రాన్సునందలి రేన్సు పందెమున స్టిర్లింగ్ మాస్ అట్టి కారుతో గెలిచెను. 1953లో లెమాన్ పట్టణపు 24 గంటల పందెమున టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ అను నిరువురు జాగ్వారును నడిపి ప్రథమస్థానము నందిరి. ఆ పందెమున గంటకు 100 మైళ్ల సగటువేగము దాటుట అదే మొదలు. జాగ్వారులే రెండవ, నాలుగవ స్థానములను కూడ పొందినవి. ఇంజను బలముకంటె, మలుపునకు ఎంతో దగ్గరగా వచ్చినపిమ్మట బ్రేకు వేయగల ధైర్యమే ఆ విజయమునకు ముఖ్యకారణమని నిపుణులు గ్రహించిరి. నిలువగలనను నమ్మకము కలవాడే వేగముగా పోగలడు. 1955లో అదే పందెమునకు మెర్సిడెస్ వారు డ్రమ్ము బ్రేకులకు సాయముగా, కారు వెనుక గాలికి అడ్డుగా లేచు పెద్ద రెక్కను అమర్చవలసి వచ్చెను. డ్రమ్ముయొక్క శక్తికి హద్దు కనబడినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

పందెములలో నిరూపింపబడినది త్వరలోనే గృహస్థుల కార్లకును వచ్చెను. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. ముందు చక్రములకు డిస్కులతో వెలువడెను. 1956లో ట్రయంఫ్ టి.ఆర్.3 కారునకు, 1957లో జాగ్వారు ఎక్స్.కె.150 కారునకు డిస్కులు వచ్చినవి. వీటిలో ట్రయంఫ్ కథ ప్రస్తుత వివాదమునకు మిక్కిలి ముఖ్యమైనది. ఆ కారు డ్రమ్ములతోనే పుట్టి, కొంతకాలము అమ్ముడై, తయారగుచుండగనే నడుమ డిస్కులకు మారెను. ఎం.జి.ఎ. కారును అట్టిదే. 1955లో నాలుగు డ్రమ్ములతో పుట్టి, 1959లో ఇంజను పెద్దదైనప్పుడు ముందు డిస్కులను ధరించెను. అనగా ఒకే రూపముగల కారు నిన్న డ్రమ్ములతోను, నేడు డిస్కులతోను ఒకే కర్మాగారమునుండి వెలువడినది. పాతకారునకు డిస్కులు పెట్టిన మొదటివారు ఆ కార్లను నిర్మించినవారే.

ఈ చరిత్రకు భారతదేశముతో సంబంధము లేకపోలేదు. ఎం.జి.ఎ. కారులోని 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను బి.ఎం.సి. సంస్థవారి బి-శ్రేణికి చెందినది. ఆ శ్రేణి ఇంజనే, ఆ పరిమాణముననే, ఉత్తరపారా కర్మాగారమున తయారైన అంబాసిడరునకును చాలకాలము ప్రాణమై యుండెను. మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిని అనుసరించి హిందుస్థాన్ మోటార్సువారు 1950 దశాబ్దపు చివర ప్రారంభించిన ఈ కారు 2014 వరకు తయారయ్యెను. కేంద్రప్రభుత్వ కార్యాలయముల ముంగిట దశాబ్దములపాటు నిలిచిన తెల్లని కారు ఇదియే. ఇంగ్లండున ఆ యింజను 1959లోనే డిస్కులతో జతగూడగా, ఇక్కడ అంబాసిడరు మాత్రము తన జీవితములో ఎక్కువ భాగము నాలుగు డ్రమ్ములతోనే గడపెను. ముందు డిస్కులు చివరి దశలో గాని దానికి లభింపలేదు. ఒకే వంశపు రెండు శాఖలలో ఒకదానికి దక్కినది వేరొకదానికి దక్కకపోవుటకు కారణము శాస్త్రము కాదు. పోటీ లేని విపణి.

డిస్కు మార్పిడికి చక్కని ఉదాహరణము మారిస్ మైనరు. అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన ఈ చిన్నకారు 1948లో వెలువడెను. 1960 డిసెంబరులో పదిలక్షలవ కారు తయారయ్యెను. మనదేశమున దీనినే బేబీ హిందుస్థాన్ అను పేర అమ్మిరి. మొదట దీని ఇంజను 918 ఘనసెంటీమీటర్లది. ముందు డ్రమ్ములు 7 అంగుళములవి. ఇంజను 1098 ఘనసెంటీమీటర్లకు పెరిగినప్పుడు, 1962లో, ముందు డ్రమ్ములు 8 అంగుళములైనవి. బలము పెంచినవాడు నిలుపుదలను కూడ పెంచవలెనను ధర్మమును నిర్మాతలే పాటించిరి. 1971లో వచ్చిన మారిస్ మెరీనా కారుయొక్క ముందుభాగపు అమరిక మైనరునుండి సంక్రమించినదే. కావున మెరీనా డిస్కులను మైనరునకు తగిలించుట ఇంగ్లండున అభిమానులలో ప్రసిద్ధమైన పద్ధతి యయ్యెను. మనుమని చెప్పులు తాతకు సరిపోయినట్లయినది.

అయితే చెప్పులు సరిపోయినంతనే నడక కుదురునని అనుకొనరాదు. బ్రేకు ఒక వస్తువు కాదు, ఒక గొలుసు. అందు ఒక్క కొక్కెమును మార్చినచో మిగిలిన కొక్కెము లన్నింటిని తిరిగి చూడవలెను.

మొదటిది మాస్టరు సిలిండరు. డ్రమ్ములకై చేసిన సిలిండరులో గొట్టములయందు కొంత ఒత్తిడిని ఎల్లప్పుడు నిలిపియుంచు కవాటము తరచుగా ఉండును. షూలను వెనుకకు లాగు గట్టి స్ప్రింగులు ఉన్నవి గనుక డ్రమ్మునకు అది హాని చేయదు. డిస్కునకు అట్టి స్ప్రింగులు లేవు. ఆ ఒత్తిడి నిలిచియున్నచో ప్యాడులు బిళ్లను ఒరసికొనుచునే యుండి, త్రొక్కకుండగనే బ్రేకు వేడెక్కును. ఇందులకు ప్రతిగా వేరొక చిక్కు కలదు. మైనరులో మాస్టరు సిలిండరు నేలపలక క్రింద తక్కువ యెత్తున ఉండును. ఒత్తిడి బొత్తిగా లేనిచో ద్రవము వెనుకకు జారి, పెడలు మొదటి త్రొక్కునకు అందకపోవచ్చును. కావున స్వల్పమైన ఒత్తిడిని మాత్రమే నిలుపు కవాటమును ఎంచి పెట్టవలెను.

రెండవది ముందు వెనుకల సమత. ముందు డిస్కులు పెట్టిన పిమ్మట వెనుక డ్రమ్ములు వాటితో పొత్తు కుదిరి పనిచేయవలెను. వెనుక చక్రములు ముందుగా బిగిసినచో కారు గిరుక్కున తిరిగిపోవును. ముందు చక్రములు బిగిసినచో తిన్నగా జారును గాని చుక్కాని పనిచేయదు. ఈ సమతకై కొన్ని కార్లలో వెనుక గొట్టమునకు ఒత్తిడిని తగ్గించు కవాటమును పెట్టుదురు. హ్యాండు బ్రేకు సాధారణముగా వెనుక డ్రమ్ములయందే నిలిచియుండును.

మూడవది కారుయొక్క మోకాళ్లు, మడమలు. మైనరులో ముందుచక్రమును మోయు ట్రనియను అను మరల కీలునకు సకాలమున గ్రీజు పెట్టనిచో అది ఊడి చక్రము కూలబడునని ఎరిగినవారికి తెలియును. పై చేతిగా పనిచేయునది కుదుపుల నణచు యంత్రముయొక్క చేయియే. ఇట్టి కీళ్లు అరిగియుండగా బలమైన బ్రేకును తగిలించుట, బీటవారిన దూలమునకు క్రొత్త ఊయలను కట్టుట వంటిది. చివరకు కారును నిలుపునది టైరు. బ్రేకు చక్రమును మాత్రమే పట్టగలదు. భూమిని పట్టునది టైరే. ఎండి గట్టిపడిన టైరులతో ఎంతటి డిస్కైనను నిష్ప్రయోజనము.

నాలుగవదానిని చాలమంది మరచెదరు. ఆనాటి కార్లలో నాలుగు చక్రములకును ఒకే ద్రవమార్గము. ఎక్కడ ఒక్క గొట్టము చిట్లినను అన్ని బ్రేకులును ఒక్కసారి పోవును. 1962లో అమెరికాలోని కాడిలాక్, రాంబ్లర్ కార్లు రెండు మార్గముల పద్ధతిని అవలంబించెను. 1968 నుండి ఆ దేశమున క్రొత్త కార్లన్నిటికి అది విధి యయ్యెను. పాతకారునకు డిస్కులు పెట్టి ఒకే మార్గమును విడిచినవాడు చిన్న భయమును తీర్చుకొని పెద్ద భయమును అట్లే ఉంచుకొనినవాడగును. డిస్కులు పెట్టక, డ్రమ్ములను సరిచేసి రెండు మార్గములను అమర్చినవాడు కొన్నియెడల అంతకంటె మేలైన పని చేసినవాడగును.

పాతకారునకు పనిచేయువారు ఆస్బెస్టాసు ముచ్చటను మరువరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరునకు కారణమగునని వైద్యశాస్త్రము నిరూపించినది. బ్రిటనులో 1999లో దానిని పూర్తిగా నిషేధించిరి. పాత డ్రమ్మును విప్పినప్పుడు లోపలి పొడిని నోటితో గాని గొట్టపుగాలితో గాని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. పాతకారు యజమానికంటె మరమ్మతు చేయు పనివాని ప్రాణమే ముందుగా ఆపదలో పడునని తెలిసికొనవలెను.

ఇక స్వరూపరక్షణవాదుల మాట. వారి వాదము తీసివేయదగినది కాదు. ఒక కాలపు మానవుడు ఎట్లు ఆలోచించెనో, ఏమి చేయగలిగెనో తెలుపు సాక్ష్యము పాతకారు. అన్నిటిని మార్చినచో సాక్ష్యము చెదరిపోవును. అపురూపమైన కారు, ప్రదర్శనశాలలో నిలిచి ఏటికి ఒకటి రెండు మారులు మాత్రము కదలునది, తన డ్రమ్ములతోనే యుండుట న్యాయము. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రాచీనవాహన సమాఖ్య రూపొందించిన ట్యూరిన్ నియమావళియు, తప్పనిసరి మార్పులు కంటికి కొట్టకుండవలెననియు, వాటిని తిరిగి తీసివేయుటకు వీలుండవలెననియు ఉపదేశించుచున్నది. అసలు డ్రమ్ములను, షూలను, సిలిండరును నూనె పూసి, చీటి కట్టి, భద్రపరచుట దీని సారాంశము. తరువాతి యజమానునకు అవి వారసత్వముగా అందవలెను.

మనదేశమున 2021లో కేంద్రప్రభుత్వము 50 సంవత్సరములు దాటిన ప్రాచీనవాహనములకు ప్రత్యేక నమోదు పద్ధతిని ఏర్పరచెను. వాటి చట్రము, దేహము, ఇంజను పెద్దగా మార్పు పొందకయుండవలెనని నియమము. మోటారువాహనముల చట్టమునందును వాహనమును మార్చుటకు హద్దులు కలవు. కావున పనిముట్లు చేపట్టుటకు ముందే రవాణాధికారిని విచారించుట వివేకము.

ఈ చరిత్రనంతయు పరికించినచో ఒక నీతి స్పష్టమగుచున్నది. 1902లో పుట్టిన కవలలలో ఏదియు స్వభావముచే పాతదియు కాదు, క్రొత్తదియు కాదు. పదార్థము, దారి, వేగము మారినకొలది ఒకదాని తరువాత ఒకదానికి వంతు వచ్చెను. మైనరు నిర్మాతలు బలము పెరిగినప్పుడు డ్రమ్మును పెంచిరి, ఎం.జి. నిర్మాతలు డిస్కును తెచ్చిరి. వారు తమ కారును పవిత్రవస్తువుగా గాక, రోడ్డుపై ప్రాణములను మోయు యంత్రముగా చూచిరి. దినదినము రహదారిపై, నేటి వేగముల నడుమ, పిల్లలను కూర్చుండబెట్టుకొని పోవు పాతకారునకు డిస్కులు పెట్టువాడు ఆ నిర్మాతల సంప్రదాయమును మీరినవాడు కాడు, దానిని కొనసాగించినవాడే. కాని వారు చేసినట్లే గొలుసునంతను సరిచూచి చేయవలెను. సగము జ్ఞానముతో చేసిన క్రొత్తదనముకంటె, చక్కగా కాపాడుకొన్న పాతదనమే సురక్షితము. ఆ రెంటిలో ఏది ఎన్నుకొన్నను, కారునకు ఎదురుగా రోడ్డు దాటుచున్నవాడు అది ఏ సంవత్సరపు నమూనాయో అడుగడు. సకాలమున నిలిచినదా లేదా అనియే చూచును.